ఈతకు వెళ్ళిన విసనకర్ర

చట్టం ఇంటిపనివారికి వారానికొక విశ్రాంతి దినం ఇమ్మంటుంది. మంచి కుటుంబాలు అంతటితో ఆగవు. "ఇది నీ ఇల్లే అనుకో" అంటాయి. సొంత ఇంట్లో సెలవు అడిగేవారెవరు? చట్టం ఇచ్చింది హక్కు గనుక దక్కకపోతే ఫిర్యాదు చేయవచ్చు. కుటుంబం ఇచ్చేది ఆప్యాయత. దానిమీద అప్పీలు లేదు.

అబూధాబి నగరం వెలుపల, ముసఫ్ఫా పారిశ్రామికవాడ షెడ్లకు కాస్త దూరంలో ఉన్న మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, మూర్తి, శ్యామలాదేవి దంపతుల విల్లాలో వంటా ఇంటిపనీ చేసే అచ్చాయమ్మ ఈ ఆప్యాయత కింద చాలాకాలం నలిగింది. ఆమెది కోనసీమలో ఒక లంక. చుట్టూ గోదావరి. నడక ముందు వచ్చిందో ఈత ముందు వచ్చిందో కన్నతల్లికే గుర్తులేదని చెబుతుంది. అలాంటి మనిషి గల్ఫుకు వచ్చాక నీళ్ళను చూసింది బకెట్లలోనే. సముద్రం బస్సెక్కితే వస్తుంది. బస్సెక్కడానికి ఒక రోజు కావాలి. ఆ రోజు లేదు.

మొదట్లో ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం గిన్నెలు తోమాక ఎంత మిగిలితే అంత. 2022 జనవరిలో ప్రభుత్వం వారాంతాన్ని శని, ఆదివారాలకు మార్చింది. బడులు, బ్యాంకులు, ఆఫీసులు అన్నీ ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు క్షేమంగా దాటాయి. అచ్చాయమ్మ సెలవు మాత్రం నడిమధ్యలో మునిగిపోయింది. "శుక్రవారం ఇప్పుడు అందరికీ పనిరోజే కదా, అచ్చాయమ్మా" అన్నారు శ్యామలాదేవి. మరి ఆదివారం? "ఆదివారం అందరం ఇంట్లోనే ఉంటాం. అందరం ఉన్నప్పుడు నువ్వు లేకపోతే ఎలా?" ఈ రెండు వాక్యాలూ విడివిడిగా నిర్దోషులు. కలిస్తే కుట్ర.

మూర్తి ఒక కంపెనీలో మానవ వనరుల మేనేజరు. "విశ్రాంతి ఉద్యోగి హక్కు" అని ఆయన తయారుచేసే స్లైడ్లు చాలా అందంగా ఉంటాయి. వెనకాల సముద్రం బొమ్మ కూడా ఉంటుంది. వాటిని ఆయన ఆదివారాలు తయారుచేసేవారు, అచ్చాయమ్మ అప్పుడే వేయించి తెచ్చిన పకోడీలు తింటూ.

మరుసటి ఏడాది, ఎండలు ముదరకముందే, శ్యామలాదేవి తమ విల్లాల మహిళా సంఘం తరఫున దేశదేశాల విసనకర్రల ప్రదర్శన తలపెట్టారు. ఈ ఊళ్ళో ఏసీ ఆగితే వార్త. విసనకర్ర అవసరం ఎవరికీ లేదు గనుకనే అది సంస్కృతి అయింది. ఫిలిప్పీన్స్ వారి ఆకు విసనకర్ర సిద్ధం. మలయాళీల వట్టివేళ్ళది సిద్ధం. లాహోరు ఆవిడ అద్దాలు కుట్టిన కుచ్చుల పంఖా పంపింది. జపాను మడత, స్పెయిను లేసు కూడా ఎవరెవరి అలమారల్లోంచో బయటికి వచ్చాయి. తెలుగువారిది మాత్రం రాలేదు. విజయవాడనుంచి చెల్లెలు పంపిన తాటాకు విసనకర్ర, సూట్‌కేసులో ఆవకాయ సీసా కింద నలిగి, ఊట పీల్చి, గాలికి బదులు ఘాటు విసిరే స్థితిలో చేరింది.

"ఇక్కడ తాటి లేదు, ఉన్నదంతా మన ఈతకు చుట్టమైన ఖర్జూరం. పోనీ ఈతాకుతో అల్లేవాళ్ళయినా దొరకరా? మన పరువేం కావాలి?" అని శ్యామలాదేవి స్నేహితురాలితో ఫోనులో వాపోతున్న సమయంలో, చాలాకాలంగా గుండెల్లో దాచుకున్న ఒక కోరికను బయటపెట్టాలని నిశ్చయించుకుని అచ్చాయమ్మ వంటగదిలోంచి వచ్చింది. ఫోను మాటలు ఆమె చెవిన పడలేదు. లోపల మిక్సీ తిరుగుతోంది.

"అమ్మగారండీ, ఆదివారం నేను ఈతకెళ్తానండి."

శ్యామలాదేవి ఫోను దించేశారు. "ఏమన్నావ్?"

"ఈతకండి. శానా ఏళ్ళయిపోయిందండి. మనసు లాగేస్తందండి."

"నీకు వచ్చా?"

"అదేంటండి అలాగంటారు! లంకలో పుట్టినోళ్ళకి రాకపోవడమేంటండి? మా అమ్మకొచ్చు, మా నాన్నమ్మకొచ్చు. నన్నయితే పసిపిల్లప్పుడే దింపేశారండి."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం! ఒక్కదానివే వెళ్ళగలవా?"

"పక్కింటి రోవేనా వస్తదండి. ఆళ్ళ దేశంలోనూ ఇదుందంటండి."

"ఉండదూ మరి! వాళ్ళదీ దీవులే కదా. ఎంతసేపు పడుతుంది?"

"పొద్దున్నెల్లి సాయంత్రానికొచ్చేత్తానండి. కానండి, ఒక్క వారంతో తీరేది కాదండి ఇది."

"తీరదు. కళ అంటే అంతే." శ్యామలాదేవి కళ్ళు చెమర్చాయి. "ప్రతి ఆదివారం వెళ్ళు. వంట సంగతి నేను చూసుకుంటాను."

ఈతను కళ అన్నవారిని అచ్చాయమ్మ అంతకుముందు చూడలేదు. చదువుకున్నవాళ్ళ మాటలు అలాగే ఉంటాయనుకుంది.

తెలుగులో ఈత అంటే నీటిలో కాళ్ళూ చేతులూ ఆడించడం. ఈత అంటే చాపలకూ బుట్టలకూ ఆకునిచ్చే చెట్టు కూడా. ఒకే మాటమీద ఇద్దరు మనుషులు సంపూర్ణమైన అంగీకారానికి వచ్చారు, చెరొక అర్థంతో. ఒప్పందంలోని పదానికి రెండు అర్థాలుంటే, అది బలహీనుడికి మేలుచేసే అర్థమే కావాలని కోరుకోవడంలో తప్పులేదు. ఇక్కడ బలహీనురాలికి రెండో అర్థం ఉందన్న సంగతే తెలియదు.

ఆ ఆదివారం రోవేనాతో కలిసి అచ్చాయమ్మ నగరంలోని కోర్నిష్ సముద్రతీరానికి వెళ్ళింది. రోవేనా పక్క విల్లాలో పిల్లలను చూసుకునే ఫిలిప్పీన్స్ యువతి. ఆమె యజమానులు ఆదివారాన్ని ఎవరూ అడగకుండానే ఇచ్చారు. అది ఆమె అదృష్టమని అందరూ అంటారు. అమలైన చట్టాన్ని అదృష్టమని పిలవడం ఇక్కడి అలవాటు. సల్వారు కమీజుతో నీళ్ళలో దిగబోయిన అచ్చాయమ్మను తీరం కాపలావాళ్ళు ఈల ఊది ఆపేశారు. ఈతబట్టలు ఉండాలట. చేతులూ కాళ్ళూ పూర్తిగా కప్పే ఈతబట్టలను రోవేనా తన సంచీలోంచి తీసి ఇచ్చింది. అచ్చాయమ్మ వాటికి నీటినైటీ అని నామకరణం చేసి, తొడుక్కుని, ఒక్క ఉరుకున లోపలికి పోయింది. మొదటి గుక్క నోట్లోకి రాగానే వంటమనిషిగా తన అభిప్రాయం ప్రకటించింది: "ఎవరో ఉప్పు ఎక్కువేసేశారు." ఆ తరువాత చాలాసేపు వెల్లకిలా తేలుతూ ఉండిపోయింది. ఒడ్డున రోవేనా మడత విసనకర్రతో విసురుకుంటూ, మనిషి బతికే ఉందా అని మధ్యమధ్య కేకవేసి కనుక్కుంది.

సాయంత్రం తిరిగివచ్చిన అచ్చాయమ్మ వంటగదిలోకి రాగానే శ్యామలాదేవి ఆత్రంగా అడిగారు: "ఎలా ఉంది ఈత?"

"ఎంత బాగుందోనండి! ఆయ్, పానం లేచొచ్చిందండి."

"పచ్చగా ఉందా?"

"పచ్చగానూ ఉందండి, నీలంగానూ ఉందండి."

"మరి ముందు నానాలేమో కదా?"

"గంటలు గంటలు నానితేనే కదండీ సుఖం."

"ఎక్కడ పెట్టావు?"

నీటినైటీ గురించే అడుగుతున్నారనుకుంది అచ్చాయమ్మ. "బాల్కనీలో ఆరేశానండి."

"ఆరాలి, ఆరాలి. తొందరపడకు" అన్నారు శ్యామలాదేవి తృప్తిగా.

అసలు సంగతి తరువాతి వారం భోజనాల బల్లమీద దొరికింది. ప్రదర్శనకోసం ముద్రించిన అట్టముక్కలు తుడుస్తుండగా ఒకదానిమీద తన పేరు కనిపించింది: ఈతాకు విసనకర్ర, కోనసీమ సంప్రదాయం, అల్లిక అచ్చాయమ్మ. ఆమె దాన్ని రెండోసారి చదివింది. జరిగిన సంభాషణంతా మనసులో వెనక్కి తిరిగింది. కళ. అట్టముక్కను బోర్లా పెట్టింది.

చెప్పేయవచ్చు. చెబితే నవ్వుతారు. నవ్వు అయిపోయాక ఆదివారం కూడా అయిపోతుంది. ఆమె అబద్ధం ఆడలేదు. ఈతకు వెళతానంది, ఈతకే వెళ్ళింది. ఇప్పుడు నోరు మూసుకోవడం మోసమవుతుందా? అడిగిన ప్రశ్నకు తప్పు సమాధానం చెబితే మోసం. అడగని ప్రశ్నకు సమాధానం చెప్పకపోతే మర్యాద. పైగా ఆ ఆదివారం మొదటినుంచీ ఆమెదే. తన వస్తువు ఎదుటివారి పొరపాటువల్ల తన చేతికి వస్తే దాన్ని దొంగతనమనడం ఏ న్యాయం?

న్యాయం బాగానే ఉంది. విసనకర్ర మాత్రం లేదు. అచ్చాయమ్మకు అల్లిక రాదు. ఆమె పుట్టేసరికే ఇంట్లో సీలింగు ఫ్యాను ఉంది. కరెంటు పోతే దొరికిన శుభలేఖ తీసి విసురుకునేవారు.

రెండు విల్లాల నడుమ గోడ దగ్గర రోవేనాకు మొరపెట్టుకుంది. ఇద్దరూ కలిసి హిందీనీ ఇంగ్లీషునూ అరబ్బీనీ వంకాయ కూరలా కలియబెట్టి మాట్లాడుకుంటారు.

"యూ నో మేకింగ్, సిస్టర్?" అంది రోవేనా.

"మాఫీ, సిస్టర్. కుచ్ మాలూమ్ మాఫీ" అంది అచ్చాయమ్మ. గల్ఫులో మాఫీ అంటే క్షమాపణ కాదు, లేదని.

"నో పంఖా, నో సండే. ఖలాస్."

సమస్యను ఇంతకంటే క్లుప్తంగా ఏ న్యాయవాదీ చెప్పలేడు.

ఏమైతే అయిందని అచ్చాయమ్మ పెరట్లోని ఖర్జూరపు చెట్టు దగ్గరకు కత్తి పట్టుకుని వెళ్ళింది. ఆకు కోస్తుండగా వెనక విల్లా పై కిటికీ తెరుచుకుంది. ఆ విల్లాల యజమానురాలు, పెద్దావిడ ఉమ్ సైఫ్. ఆవిడకు అచ్చాయమ్మ పేరులో మొదటి సగమే పట్టింది. హిందీ సినిమాలు చూసిన అనుభవంతో, మంచిదానికి మంచి పేరే పెట్టారని నమ్ముతుంది.

"యా అచ్చా! క్యా కర్తా మేరా నఖ్లా?" అని అరిచింది. నఖ్లా అంటే ఖర్జూరపు చెట్టు.

"మహఫ్ఫా, మామా" అంది అచ్చాయమ్మ, విసరుతున్నట్టు చెయ్యి ఊపుతూ. ఎమిరాతీల ఇళ్ళలో ఖర్జూరపాకు విసనకర్రను అలాగే అంటారని ఎప్పుడో వింది.

"మహఫ్ఫా? ఇస్ ఆకు సే? యే బుడ్ఢా పత్తా!" ఉమ్ సైఫ్ నెత్తి కొట్టుకుని, 'ఆకు' అన్న తెలుగుమాట తనకెక్కడిదో తానే ఆశ్చర్యపోయి, కిందికి దిగివచ్చింది. చెట్టు మొవ్వు దగ్గరి లేత ఆకు కోయించింది. తన వంటింట్లో కూర్చోబెట్టి చీల్చడం, తడపడం, ఒకటి పైకి ఒకటి కిందికి నడపడం చూపించింది. ఆవిడకూ అంత బాగా రాదని అచ్చాయమ్మకు త్వరలోనే అర్థమైంది. చిన్నప్పుడు తల్లి అల్లుతుంటే చూసిందట. మధ్యలో ఒక మలుపు దగ్గర ఇద్దరూ ఆగిపోయి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చాయ్ తాగారు.

అల్లికకు అచ్చాయమ్మ ఒక నియమం పెట్టుకుంది. విసనకర్ర అమ్మగారి పని. కాబట్టి అమ్మగారి సమయంలోనే జరగాలి. పప్పు కుక్కరు మీద ఉండగా అల్లింది. బట్టలు యంత్రంలో తిరుగుతుండగా అల్లింది. ఒకరోజు సాంబారు మాడి ఇల్లంతా కమురుకంపు కొడితే, "కళాకారులు ఇంతే" అని శ్యామలాదేవి మూర్తికి సర్దిచెప్పారు. ఆదివారం వస్తే మాత్రం అచ్చాయమ్మ ఆకు ముట్టేది కాదు. సెలవును ఇంత నిష్ఠగా ఆచరించిన మనిషి ఆ పేటలో మరొకరు లేరు. తెల్లవారగానే నీటినైటీ చంకలో పెట్టుకుని బస్సు స్టాపుకు పోయేది.

పూర్తయిన వస్తువు ఆకారం గురించి భిన్నాభిప్రాయాలున్నాయి. సగం గాలిపటం, సగం అట్లకాడ అని ఒక వాదన. చతురస్రంగా మొదలై మధ్యలో మనసు మార్చుకుందని మరొకటి. దాని అసలు విశేషం ఆకారంలో లేదు. విసిరినప్పుడు విసిరేవారికి గాలి రాదు, పక్కనున్నవారికి వస్తుంది. "ఇదేంటి ఇలా?" అని శ్యామలాదేవి అనుమానంగా అడిగితే, "ఇది దంపతులదండి. భార్య విసిరితే మొగుడికి, మొగుడు విసిరితే భార్యకి" అంది అచ్చాయమ్మ. ఆ వివరణ కూడా అట్టముక్క మీదికి ఎక్కింది.

ప్రదర్శన రోజున హాలులో ఏసీ ఎంత చలి పెట్టిందంటే, ఆడవాళ్ళంతా శాలువాలు కప్పుకుని విసనకర్రలను మెచ్చుకున్నారు. ఫిలిప్పీన్స్ ఆకు గుండ్రంగా, నిండుగా ఉంది. లాహోరు పంఖాను పుల్లతో గిరగిరా తిప్పితే అద్దాలు గోడమీద చుక్కలు చల్లాయి. వట్టివేళ్ళదాన్ని తడిపితే వానవాసన వచ్చింది. జపాను మడత తెరుచుకునే చప్పుడు వినడానికే కొందరు వరుసకట్టారు. ఉమ్ సైఫ్ ముఖ్య అతిథి. ఆవిడ తన తల్లినాటి మహఫ్ఫాను తెచ్చింది. రంగుపట్టీల అల్లిక, జెండాలా కర్రకు ఒక పక్కన నిలిచింది. దాని పక్కనే అచ్చాయమ్మది.

ఉమ్ సైఫ్ ఆ రెంటినీ చూసి, అట్టముక్కమీది పేరు చదివించుకుని, పొట్టపట్టుకుని నవ్వింది. "ఆంధ్రా? యే మేరా మత్బఖ్ మే పైదా హువా!" తన వంటింట్లోనే పుట్టిందని. వంకర విసనకర్ర తీసుకుని గట్టిగా విసిరింది. గాలంతా పోయి పక్కనున్న శ్యామలాదేవి నుదుటిమీది ముంగురులను లేపింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో శ్యామలాదేవి మైకు అందుకున్నారు.

"కళాకారిణికి కావలసింది సమయం. అందుకే మా అచ్చాయమ్మకు ప్రతి ఆదివారం పూర్తిగా సెలవు ఇచ్చాం." చప్పట్లు. "ఇకముందు కూడా ఇస్తాం!" మరిన్ని చప్పట్లు. మొదటి వాక్యం ఆమె ముందుగా రాసుకున్నదే. రెండో వాక్యం చప్పట్లు రాసింది.

మూర్తి ఆ మాటను అతిథులకోసం ఇంగ్లీషులోకి మార్చారు. వృత్తిధర్మం ఊరుకోనివ్వక, చట్టంలో కూడా ఇదే ఉందని చివర ఒక మాట చేర్చారు. హాలు వెనక గోడకు ఆనుకుని, టీ ట్రేలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు తలలు తిప్పి ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళలో ఎవరికి ఏ రోజు సెలవుందో ఆ హాలులో ఎవరూ అడగలేదు. మత్స్యకన్య బొమ్మ వేసిన కప్పులో చాయ్ అందుకున్న ఒక అతిథి మాత్రం "హౌ నైస్" అంది.

అంతా సవ్యంగా ముగిసేదే. వేదిక దిగుతున్న శ్యామలాదేవి చెయ్యి పట్టుకుని రోవేనా మనస్ఫూర్తిగా అభినందించింది. "మేడం, యూ వెరీ గుడ్ మేడం. ఎవ్రీ సండే బీచ్! అచ్చాయమ్మ స్విమ్మింగ్ లైక్ ఫిష్!" ఫోనులో ఫోటో కూడా చూపించింది. నడిసముద్రంలో ఒక తల, దాని నిండా పెద్ద నవ్వు.

కారు ఇల్లు చేరింది. గుమ్మం దాటాక శ్యామలాదేవి అన్నారు: "ఈతకు వెళతానన్నావు."

"ఎల్లానండి" అంది అచ్చాయమ్మ.

"నేను ఈతాకు అనుకున్నాను!"

"నేను 'ఆకు' అన్లేదండి."

మూర్తి నవ్వు ఆపుకోబోయి దగ్గారు. "సాంకేతికంగా చూస్తే, శ్యామలా..."

"మీరూరుకోండి! నానిందా అంటే నానిందంది. ఆరేశావా అంటే ఆరేశానంది!"

"నానడం నేనండి, ఆరేసింది నైటీనండి. మొదట్లో నాకూ తెలీదండి. తెలిసినాక చెప్పలేదు, నిజమేనండి. చెబితే ఆదివారం పోద్దని చెప్పలేదు. విసనకర్ర అడిగారు, చేసిచ్చాను. వేళ్ళు చూడండి, ఎలా కోసుకుపోయినయ్యో."

శ్యామలాదేవి ఆ వేళ్ళను చూశారు. కోపం కాసేపు దారి వెతుక్కుంది. "సరే, అయిందేదో అయింది. ప్రదర్శన ముగిసింది, విసనకర్రా ముగిసింది. ఇంక ఆదివారంతో నీకేం పని?"

అచ్చాయమ్మ ఈ ప్రశ్నకోసం ఎదురుచూస్తున్నట్టు నెమ్మదిగా చెప్పింది. "పనేం లేదండి. పని లేకపోతేనే కదండీ సెలవు. మైకులో మీరే చెప్పారు, ఇకముందు కూడా అని. ఉమ్ సైఫ్ గారు నా చెవిలో అడిగారండి, నిజమేనా అని. నిజమేనన్నాను. మిమ్మల్ని అబద్ధాలకోరుని చెయ్యడం నాకిష్టం లేదండి."

ఇంటి అద్దె ఒప్పందం ఉమ్ సైఫ్‌తోనే. నలుగురి ఎదుట ఒప్పుకుని, దాన్ని నమ్మినవారున్నాక, ఆ మాటను వెనక్కి తీసుకోరాదన్నది న్యాయశాస్త్రంలో పాత సూత్రం. దాన్ని చదవకుండానే శ్యామలాదేవి దానిముందు తలవంచారు. పడకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. గట్టిగా వేయబోయి, చివరిక్షణంలో మెల్లగా వేశారు.

వచ్చిన ఆదివారం అచ్చాయమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు. బస్సు స్టాపునుంచి రోవేనా ఫోను చేసి చేసి విసుగెత్తి తానొక్కతే వెళ్ళింది. ఎండ కిటికీ దాటి మంచం మీదికి వచ్చినా అచ్చాయమ్మ దుప్పటి తీయలేదు. శ్యామలాదేవి వచ్చి ఆమె గది తలుపు తట్టారు.

"ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉందండి."

"మరి బీచికి వెళ్ళలేదేం?"

"వెళ్ళబుద్ధి కాలేదండి."

తలుపు అవతల అడుగులు రెండు వెనక్కి వెళ్ళి, తిరిగి వచ్చాయి. ఆ తరువాత, చాలా జాగ్రత్తగా, అలవాటు కొద్దీ: "అయితే, ఇంట్లోనే ఉన్నావు కదా, కాస్త కాఫీ..."

"సెలవండి" అంది అచ్చాయమ్మ, అటు తిరిగి పడుకుంటూ.

అడుగులు వంటగది వైపు వెళ్ళాయి. ఒక డబ్బా తెరుచుకుంది, మూసుకుంది. మరొకటి తెరుచుకుంది. మూర్తి గొంతు వినిపించింది, ఈ ఇంట్లో పంచదార ఎక్కడుంటుందని. తనకు తెలియదని శ్యామలాదేవి చెప్పడం కూడా వినిపించింది. అచ్చాయమ్మకు తెలుసు. చెప్పడానికి నోరు తెరవబోయి, దుప్పటి ముసుగు నెత్తిమీదికి లాక్కుంది.